నొప్పి పోయింది, మరి పరుగు ఎప్పుడు? గాయం తర్వాత కాలు నిజంగా ఎప్పటికి సిద్ధమవుతుంది

తెల్లవారుజామున ఐదింటికి నల్లగొండ పక్కన పానగల్‌లో ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్తే చీకట్లోనే బూట్ల చప్పుడు వినిపిస్తుంది. మహబూబ్‌నగర్ స్టేడియంలో, దేవరకొండ, అచ్చంపేట కాలేజీ గ్రౌండ్లలో కూడా అంతే. పరుగు పరీక్ష ఉండే పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందన్న మాట చెవిన పడితే చాలు, నెల తిరగకుండానే గ్రౌండ్లు నిండిపోతాయి. ఆ తర్వాత ఇంకో నెలకు గ్రౌండ్ అంచున కూర్చునేవాళ్లు కనిపించడం మొదలవుతుంది. ఒకరు బూటు విప్పి పాదం నొక్కుకుంటూ ఉంటారు. ఇంకొకరు మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని తోటివాళ్ల టైమింగ్ చూస్తుంటారు.

వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, రెండు వారాలాయె. నొప్పి పోయింది. రేపటి సంది ఉరుకొచ్చా?"

దీనికి గ్రౌండ్లోనే అయిదు జవాబులు దొరుకుతాయి. నొప్పి పోతే ఉరకొచ్చని ఒకరంటారు. నెల రోజులు కాలు కింద పెట్టొద్దని ఇంకొకరు. పసరు కట్టు కట్టించుకుంటే వారంలో తగ్గుతుందని ఊళ్లో పెద్దమనిషి చెప్తాడు. ఎముకల డాక్టర్ ఆరు వారాలంటాడు. ఫిజియో మాత్రం ఈ రోజు నుంచే మెల్లగా మొదలుపెట్టమంటాడు. వింటున్న కుర్రాడికి వీళ్లలో ఎవరో ఒకరు తప్పు చెప్తున్నారని అనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు వాళ్లు వేర్వేరు గాయాల గురించి మాట్లాడుతుంటారు. ముందు ఆ ముడి విప్పాలి.

ఒకే "కాలు నొప్పి" కింద నాలుగు వేర్వేరు సంగతులు

పరుగులో దెబ్బతినేవి ముఖ్యంగా నాలుగు. కండరం, టెండాన్, లిగమెంట్, ఎముక.

కండరం అంటే తెలిసిందే. తొడ వెనక హాంస్ట్రింగ్, కింద పిక్క. వేగంగా ఉరుకుతుంటే ఎవరో వెనక నుంచి రాయి విసిరినట్టు చటుక్కున పట్టేస్తుంది. కండరానికి రక్తం బాగా అందుతుంది కాబట్టి చిన్నపాటి చిరుగు కొన్ని వారాల్లోనే మానుతుంది. కానీ తిరిగి పరుగు మొదలుపెట్టిన తొలి వారాల్లో అదే చోట మళ్లీ చిరిగే ప్రమాదం ఎక్కువ.

టెండాన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు. మడమ వెనక చేతికి తగిలేది అందులో పెద్దది, అకిలిస్ టెండాన్. మనవాళ్లు దాన్ని "మడమ నరం" అంటారు గానీ అది నరం కాదు. దీని నొప్పికి ఒక గుర్తుంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి పదడుగులు కుంటిస్తాయి, కాసేపు నడిస్తే వదులవుతుంది, పరిగెత్తేటప్పుడు దాదాపు తెలియదు, మర్నాడు పొద్దున మళ్లీ పట్టేస్తుంది. మానడానికి వారాలు చాలవు, నెలలు పడుతుంది.

లిగమెంట్ ఎముకను ఎముకకు కడుతుంది. గుంతలో కాలు పడి చీలమండ మెలిక తిరిగితే దెబ్బతినేది అదే. వాపు వారం పదిరోజుల్లో దిగిపోతుంది. కానీ కాలు ఎటు ఒరుగుతోందో మెదడుకు చెప్పే వ్యవస్థ కూడా ఆ దెబ్బతో మందగిస్తుంది. అదే చీలమండ మళ్లీ మళ్లీ బెణకడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అందుకే ఫిజియోలు ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడమంటారు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ బెణికిన కాలికీ, బాగున్న కాలికీ తేడా అక్కడ పది సెకన్లలో బయటపడుతుంది.

ఇక ఎముక. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

దమ్ము ముందు వస్తుంది, ఎముక వెనక వస్తుంది

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాల పాటు మంచం దిగనివ్వకుండా ఉంచి చూశారు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి, అంటే మనం దమ్ము అనేది, నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ తర్వాత ఎనిమిది వారాలు శిక్షణ ఇస్తే అది తిరిగి వచ్చింది. ముందు అంత అలవాటు లేనివాళ్లలో మునుపటికంటే పెరిగింది కూడా.

గుండె, ఊపిరితిత్తులు, రక్తం ఇలా తొందరగా అలవాటు పడతాయి. ఎముక అలా కాదు. అది తనను తాను కూల్చుకుని కట్టుకుంటుంది. పరుగు భారం కొత్తగా పడగానే, అలసిన ఎముకను తవ్వి తీసే కణాలు ముందు పని మొదలుపెడతాయి. కొన్ని వారాల తవ్వకం తర్వాతే కట్టే కణాలు వచ్చి ఆ ఖాళీ నింపుతాయి. కొత్తగా నిండినది గట్టిపడేసరికి మొత్తం మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇంటికి మరమ్మతు చేసేటప్పుడు పాత గోడ తీసి కొత్తది లేపేలోపు ఆ మూల బలహీనంగా ఉంటుంది కదా, ఇదీ అంతే. పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు ఎముక కొన్నాళ్ల పాటు ముందున్నదానికంటే బలహీనంగా ఉండే అవకాశం ఉంది.

సరిగ్గా అదే సమయానికి దమ్ము బాగా పెరుగుతుంది. తొలి వారం రెండు రౌండ్లకే ఆయాసపడినవాడు నాలుగో వారంలో ఆరు రౌండ్లు అలవోకగా కొడతాడు. ఒళ్లు తేలికగా ఉంటుంది, స్నేహితులు మెచ్చుకుంటారు, ఇంకా స్పీడు పెంచాలనిపిస్తుంది. గ్రౌండ్ మొదలైన నెలకు అంచున కూర్చునేవాళ్లు ఎందుకు పెరుగుతారో చెప్పడానికి నాకు దీనికంటే మంచి వివరణ దొరకలేదు. అందులో వాళ్ల తప్పు లేదు. ఊపిరి సరేనంటున్నప్పుడు ఎముక వద్దంటోందని ఎవరికి తెలుస్తుంది?

గాయం తర్వాత తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే కథ, ఇంకాస్త ప్రమాదంగా. విశ్రాంతిలో ఎముక, టెండాన్ కొంత బలం పోగొట్టుకుంటాయి. తిరిగి మొదలుపెట్టగానే దమ్ము రెండు మూడు వారాల్లో పుంజుకోవడం మొదలవుతుంది, అవి మాత్రం వెనకబడే ఉంటాయి.

వేలితో నొక్కితే తెలిసే తేడా

గ్రౌండ్లో "షిన్ పెయిన్" అనేది అందరి నోటా ఉండే మాట. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఉండే పెద్ద ఎముకే షిన్. కానీ ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు గాయాలు దాక్కుంటాయి.

మొదటిది షిన్ స్ప్లింట్స్. ఎముక లోపలి అంచున, కింది భాగంలో, బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్తే అయిదు సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ పొడవునా నొప్పి పరుచుకుని ఉంటుంది. పరుగు మొదట్లో నొప్పి, వేడెక్కాక తగ్గుదల, ఆపాక మళ్లీ నొప్పి.

రెండోది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే అదే భారం పదే పదే పడి ఎముకలో వచ్చిన సన్నటి పగులు. ఇక్కడ నొప్పి పరుచుకోదు. ఒక్క వేలి కొనతో చూపించగలిగేంత చోట ఉంటుంది. అక్కడ నొక్కితే మనిషి ఉలిక్కిపడతాడు. పరిగెత్తేకొద్దీ తగ్గదు, పెరుగుతుంది. ముదిరితే నడకలోనూ, రాత్రి పడుకున్నా సలుపుతుంది.

ఈ రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. మొదటిదాన్ని పట్టించుకోకపోతే రెండోదాని వైపు జరగవచ్చని చాలామంది నిపుణులు భావిస్తారు, కాదు ఇవి వేర్వేరు దారులనేవాళ్లూ ఉన్నారు. వేలి పరీక్షతో అనుమానం కలుగుతుందే తప్ప నిర్ధారణ కాదు.

ఇంకో చోట చాలామంది మోసపోతారు. ఎక్స్‌రే తీయిస్తారు, "ఏమీ లేదు" అని వస్తుంది, ఊపిరి పీల్చుకుని మళ్లీ గ్రౌండ్ ఎక్కుతారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. ఎముక మానడం మొదలై కొత్త పొర ఏర్పడ్డాకే నీడ పడుతుంది. తొందరగా పట్టుకునేది ఎమ్మారై. జిల్లా కేంద్రంలో అది చేయించాలంటే వేలల్లో ఖర్చు. అందుకే అనుభవమున్న డాక్టర్లు ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా నొప్పి తీరును బట్టి పగులు ఉన్నట్టే భావించి విశ్రాంతి చెప్తారు. ఆ డాక్టర్‌ను "ఎక్స్‌రేలో లేనిదాన్ని ఉందంటున్నాడు" అని తిట్టుకోవడం విన్నాను. ఆయన జాగ్రత్త అర్థం లేనిది కాదు.

పగులు ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. షిన్ లోపలి అంచున, పాదం మధ్య వేళ్ల ఎముకల్లో వచ్చేవి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతాయి. తుంటి దగ్గర తొడ ఎముక మెడ, షిన్ ముందు అంచు, పాదం పైభాగంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక, కాలి చిటికెన వేలి వైపు పొడవాటి ఎముక మొదటి భాగం మాత్రం వేరే జాబితాలోవి. అక్కడ రక్తం తక్కువగా అందడం వల్లో, లాగే బలం ఎక్కువ ఉండడం వల్లో పగులు అతుక్కోకపోవచ్చు, పూర్తిగా విరిగిపోవచ్చు. తొడ ఎముక మెడలో పగులు గజ్జల్లో లోతైన నొప్పిగా తెలియవచ్చు, పరిగెత్తేవాళ్లలో ఆ నొప్పిని కండరం పట్టేసిందని వదిలేయకూడదనడానికి కారణం ఇదే.

పూర్తి విశ్రాంతా, మెల్లగా కదలికా?

1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ గాయాలకు విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రం చెప్పాడు. ప్రపంచమంతా పాకింది. మన గ్రౌండ్లలో ఐసుగడ్డ కర్చీఫులో చుట్టి పెట్టుకోవడం దాని నుంచే వచ్చింది. తర్వాత 2014లో ఆయనే ఐసు, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాటను సవరించుకున్నాడు. తొలి రోజుల్లో వచ్చే వాపు, ఎర్రదనం శరీరం చేసుకునే మరమ్మతులో భాగమన్నది ఇప్పుడు బలపడుతున్న అభిప్రాయం. ఐసు నొప్పిని తగ్గిస్తుందనడంలో పెద్దగా గొడవ లేదు. గాయాన్ని తొందరగా మాన్పుతుందనడానికే ఆధారాలు బలహీనం.

విశ్రాంతి విషయంలో అసలు తేడా ఏ భాగానికి దెబ్బ తగిలిందన్న దగ్గరే వస్తుంది. టెండాన్‌కు పూర్తి విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గుతుంది, బలం మాత్రం రాదు. పరుగు మొదలుపెట్టగానే నొప్పి మళ్లీ వస్తుంది. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం దీర్ఘకాలంగా అకిలిస్ నొప్పితో బాధపడుతున్న 15 మంది రన్నర్లతో మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం 12 వారాలు చేయించింది. బరువు కూడా క్రమంగా పెంచారు. అందరూ తిరిగి పరుగులోకి వచ్చారు. చిన్న సంఖ్యే కానీ ఆ తర్వాత టెండాన్ వైద్యం దారే మారిపోయింది.

ఎముక పగిలినప్పుడు ఇదే సలహా ఇస్తే ప్రమాదం. అక్కడ ముందు భారం తగ్గాలి. అంటే నెల రోజులు కాలు కింద పెట్టొద్దన్నవాడు ఎముక గురించి సరిగ్గానే చెప్పి ఉండవచ్చు, ఈ రోజే మొదలుపెట్టమన్న ఫిజియో టెండాన్ గురించి సరిగ్గానే చెప్పి ఉండవచ్చు. పసరు కట్టు గురించి కూడా ఒక మాట. కట్టు వల్ల కాలు కదలకుండా ఉండి బెణుకు తేలికపడినట్టు అనిపిస్తుంది. కానీ విరిగిందో బెణికిందో తేల్చకుండా గట్టిగా మర్దన చేసి కట్టినప్పుడే ఇబ్బంది.

నొప్పి ఉండగా పరిగెత్తడం తప్పా?

దీని మీద రెండు పక్షాలున్నాయి. పాత మాట ప్రకారం సున్నా నొప్పి వచ్చేదాకా ఆగాలి. కొత్త మాట ప్రకారం కొంత నొప్పిని అనుమతించవచ్చు.

రెండో పక్షానికి ఆధారం మళ్లీ స్వీడన్ నుంచే. 2007లో సిల్బర్‌నాగెల్ బృందం అకిలిస్ నొప్పి ఉన్నవాళ్లను రెండు గుంపులు చేసింది. రెండు గుంపులకూ ఒకే వ్యాయామాలు. ఒక గుంపు ఆరు వారాలు పరుగు మానేసింది. రెండో గుంపు నొప్పి సున్నా నుంచి పది కొలతలో అయిదు దాటకుండా, మర్నాటి పొద్దుటికి దిగిపోయేలా, వారం వారం పెరగకుండా చూసుకుంటూ పరుగు కొనసాగించింది. రెండో గుంపువాళ్లు నష్టపోలేదు.

ఈ కొలతలో నాకు బాగా నచ్చేది ఆ "మర్నాటి పొద్దున" అన్న మాట. గ్రౌండ్లో ఉన్నప్పుడు ఒళ్లు వేడిగా ఉంటుంది, పక్కన పోటీ ఉంటుంది, నొప్పి నిజం చెప్పదు. మర్నాడు మంచం దిగి బాత్రూం దాకా వేసే అడుగులు చెప్తాయి.

అయితే ఈ సడలింపు టెండాన్ మీద చేసిన పరిశోధన నుంచి వచ్చింది. ఎముక పగులుకు దీన్ని వర్తింపజేయరు. అక్కడ పరుగులో, పరుగు తర్వాత, ఆ ఎముక మీద నొప్పి సున్నా ఉండాలన్నదే ఇప్పటికీ ఎక్కువమంది నిపుణుల మాట.

లెక్క వేసి చూద్దాం: 1600 మీటర్లలో ఎన్ని అడుగులు?

2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నది అర్హత. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్లకు రౌండుకు దాదాపు 109 సెకన్లు, ఆడవాళ్లకు 160 సెకన్లు.

నిమిషానికి 170 అడుగులు పడతాయనుకుందాం. ఏడుంపావు నిమిషాలకు సుమారు 1230 అడుగులు. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం నేల నుంచి తిరిగి వస్తుంది. 60 కిలోల కుర్రాడి కాలు ఒక్కొక్కటి 120 నుంచి 180 కిలోల బరువును 600 సార్లకు పైగా మోయాలి. టెండాన్ మీద పడేది ఇంకా ఎక్కువ.

ఇప్పుడు షిన్ స్ప్లింట్స్‌తో మూడు వారాలు ఆగిన కుర్రాడిని తీసుకుందాం. పగులు లేదని డాక్టర్ తేల్చాడు. అరగంట చురుగ్గా నడిస్తే నొప్పి లేదు. ఒంటికాలి మీద పదిసార్లు గెంతితే నొప్పి లేదు. ఒంటికాలితో మడమ ఎత్తడం ఇరవై సార్లకు పైగా చేయగలడు, రెండు కాళ్లకూ పెద్ద తేడా లేదు. ఫిజియోలు తరచుగా చూసే గుర్తులు ఇవే, వారాల లెక్క కంటే వీటినే ఎక్కువ నమ్ముతారు.

అతని మొదటి వారం ఇలా ఉండవచ్చు. ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిదిసార్లు, రోజు మార్చి రోజు, వారానికి మూడు రోజులు. రోజుకు జాగింగ్ ఎనిమిది నిమిషాలే. "ఇది కూడా పరుగేనా" అనిపిస్తుంది. నిమిషానికి 160 చొప్పున లెక్కేస్తే అది 1280 అడుగులు. అంటే అడుగుల సంఖ్యలో మొదటి రోజే అతను పరీక్షంత చేసేశాడు. తేడా వేగంలో, విరామాల్లో ఉంది. కిలోమీటరుకు ఏడు నిమిషాల జాగింగ్‌లో పడే భారం వేరు, కిలోమీటరుకు నాలుగున్నర నిమిషాల పరుగులో పడే భారం వేరు. ఎముక విషయంలో భారం కొంచెం పెరిగినా అలసట చాలా ఎక్కువగా పెరుగుతుంది. అందుకే ముందు నిమిషాలు, తర్వాతే స్పీడు.

రెండో వారం రోజుకు 12 నిమిషాలు, మూడో వారం 15, నాలుగో వారం ఆపకుండా 20. ఆ తర్వాతే రౌండ్లకు టైం పెట్టడం. మొదట 130 సెకన్ల రౌండు, మధ్యలో నడక, అక్కడి నుంచి 109 వైపు. అన్నీ సవ్యంగా సాగితే పూర్తి 1600 ట్రయల్‌కు ఏడెనిమిది వారాలు. ఎక్కడైనా మర్నాటి పొద్దున నొప్పి కనిపిస్తే అదే మెట్టు మీద ఇంకో వారం. ఇది మందుచీటీ కాదు, లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి వేసిన ఉదాహరణ.

రోజు మార్చి రోజు ఎందుకన్నదానికీ కారణముంది. భారం పడగానే ఎముక కణాలు స్పందిస్తాయి, కాసేపటికి మొద్దుబారతాయి. కొన్ని గంటల విరామం తర్వాతే మళ్లీ స్పందించగలుగుతాయని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఒకేసారి చాలాసేపు ఉరికితే ఎముకకు లాభం పెరగదు, అరుగుదల మాత్రం పెరుగుతుంది.

పది శాతం నియమం ఎంతవరకు నిజం?

వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచొద్దు అన్నది కోచ్‌లు చెప్పే మాట. మన ఉదాహరణకే పెట్టి చూడండి. మొదటి వారం మొత్తం 24 నిమిషాలు, నాలుగో వారం 60. పది శాతం చొప్పున పెంచితే 24 నుంచి 60కి చేరడానికి దాదాపు పది వారాలు పడుతుంది. చిన్న సంఖ్యల దగ్గర ఈ నియమం మరీ నత్తనడక. వారానికి 60 కిలోమీటర్లు ఉరికేవాడికి అదే నియమం ఒక్క వారంలో ఆరు కిలోమీటర్లు కలుపుకోమంటుంది, అది చిన్న పెంపేమీ కాదు.

2008లో నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ల మీద దీన్ని పరీక్షించారు. ఒక గుంపు పది శాతం లెక్కన 13 వారాల్లో, ఇంకోటి మామూలుగా 8 వారాల్లో సిద్ధమైంది. రెండింటిలోనూ ప్రతి అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు, తేడా లేదు. 2025లో వచ్చిన ఇంకో పెద్ద పరిశోధన అయిదు వేలకు పైగా రన్నర్ల వాచీల లెక్కలు చూసింది. వారం మొత్తం ఎంత పెరిగిందన్నదానికి గాయంతో సంబంధం కనిపించలేదు. గత 30 రోజుల్లో చేసిన అతి పెద్ద పరుగు కంటే ఒక్క రోజులో పది శాతానికి మించి ఎక్కువ ఉరికినప్పుడు మాత్రం గాయాలు పెరిగాయి.

గ్రౌండ్ భాషలో చెప్పాలంటే, ఆదివారం స్నేహితుడితో పందెం కట్టి అలవాటు లేని పది రౌండ్లు కొట్టడం దగ్గర అసలు ప్రమాదం ఉందన్నమాట. అయితే ఆ పరిశోధనలో ఉన్నది క్రమంగా ఉరికేవాళ్లు. గాయం నుంచి సున్నా దగ్గర మొదలయ్యేవాడికి శాతాల లెక్క సరిగ్గా కుదరదు, అందుకే మధ్యలో ఆ నడకలు.

గట్టి నేల, మెత్తటి నేల గొడవ కూడా కొంత ఇలాంటిదే. బీటీ రోడ్డు చెడ్డది, మట్టి మంచిది అంటారు. నేలను బట్టి కాలు తన బిగువును తానే సర్దుకుంటుందని పరిశోధనలు చూపించాయి. ఎర్రమట్టి గ్రౌండ్లో మూడు నెలలు ఉరికినవాడు ఒక్కసారిగా రోడ్డెక్కడం, లేదా బూట్లతో అలవాటైనవాడు ఒక్కసారిగా ఒట్టి కాళ్లతో ఉరకడం, ఆ హఠాత్తు మార్పుతోనే చిక్కు.

గోలీ వేసుకుని ఉరికితే

ఈవెంట్స్, అంటే పోలీసు ఉద్యోగాల శారీరక పరీక్షలు, దగ్గర పడ్డాక నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ గోలీ, లేదంటే ఊళ్లో సూది వాడుతున్న సంగతి చాలామంది దాచరు. దాని మీద ఒకటే మాట చెప్పలేం. బెణికిన తొలి రోజుల్లో డాక్టర్లే ఇస్తారు, నొప్పి తగ్గి మనిషి నడవగలుగుతాడు, అది మేలే. పరుగుకు ముందు వేసుకోవడం మాత్రం వేరే సంగతి. పైన చెప్పిన కొలతలన్నీ నొప్పి మీదే ఆధారపడ్డవి, గోలీ ఆ కొలబద్దనే చెరిపేస్తుంది. ఎముక మానడాన్ని ఈ మందులు ఆలస్యం చేస్తాయని జంతువుల మీద పరిశోధనల్లో కనిపించింది, మనుషుల్లో ఆధారాలు అటూ ఇటూ ఉన్నాయి. ఎండలో చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీల మీద భారం వేస్తాయన్నదాంట్లో మాత్రం అనుమానం లేదు. ఇక అకిలిస్ టెండాన్‌లోకి స్టెరాయిడ్ సూది అంటే, అది తెగిపోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చాలావరకు వెనకాడతారు.

మన నీళ్ల సంగతి

నల్లగొండ గురించి రాస్తూ ఫ్లోరైడ్ మాట ఎత్తకపోతే సగమే చెప్పినట్టు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తరాల తరబడి వంగదీసిన ఒళ్లు మనం చూశాం. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు పడింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, ఈ తరం పిల్లల పరిస్థితి వేరు. కానీ చిన్నప్పుడు ఆ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు గ్రౌండ్లలో ఇంకా ఉన్నారు.

ఎక్స్‌రేలో ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. దట్టంగా ఉంది కాబట్టి గట్టిగా ఉందనుకుంటాం. 1990లో అమెరికాలో ఎముకలు గుల్లబారిన 202 మంది పెద్దవయసు ఆడవాళ్లపై నాలుగేళ్లు సాగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. మందుగా ఫ్లోరైడ్ ఇచ్చినవాళ్లలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. వాళ్లు పెద్దవాళ్లు, అది మందు మోతాదు, మన కుర్రాళ్లకు నేరుగా అన్వయించలేం. కానీ ఆ ప్రాంతం నుంచి వచ్చిన యువకుడికి షిన్ నొప్పితో పాటు నడుము, మెడ బిగుసుకుపోవడం ఉంటే, చిన్నప్పుడు తాగిన నీళ్ల సంగతి డాక్టర్‌కు చెప్పడం వల్ల ఎక్స్‌రే చదివే తీరే మారుతుంది. మన జిల్లా బయటి డాక్టర్‌కు ఆ ప్రశ్న తట్టకపోవచ్చు.

అమ్మాయిల ఎముకలు, ఆగిపోయిన నెలసరి

పొద్దున అయిదుకు లేచి ఉరికి, ఒక టీ తాగి, కోచింగ్‌కు వెళ్లి, మధ్యాహ్నం హాస్టల్లో పల్చటి పప్పుతో తినే అమ్మాయికి నెలసరి మూడు నెలలుగా రాలేదనుకుందాం. ప్రాక్టీసు ఎక్కువై అలా అయ్యుంటుందని చాలామంది పట్టించుకోరు, కొందరు పీడ పోయిందనుకుంటారు కూడా. శరీరానికి ఖర్చుకు తగ్గ తిండి అందనప్పుడు అది మొదట ఆపేసే పనుల్లో ఇదొకటి. నెలసరితో ముడిపడ్డ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గితే ఎముక కట్టుబడి దెబ్బతింటుంది, స్ట్రెస్ ఫ్రాక్చర్ అవకాశం పెరుగుతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ఒక పేరు పెట్టి, తిండి చాలకపోతే మగవాళ్లకూ ఇలాంటి నష్టం ఉందని చెప్పింది. అలాంటప్పుడు ఎన్ని వారాలు విశ్రాంతి తీసుకున్నా పగులు మళ్లీ వస్తుంటే జవాబు పరుగులో కాకుండా పళ్లెంలో ఉండవచ్చు. రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, కడుపునిండా అన్నం కూడా ఇక్కడ వైద్యంలో భాగమే.

తేదీ ముందే ఉంటే

ఇంతా చదివి ఒక కుర్రాడు అడుగుతాడు: "ఇవన్నీ మంచిగనే ఉన్నయన్నా, నా ఈవెంట్స్ ఆరు వారాల్లో ఉన్నయి." షిన్ స్ప్లింట్స్ అయితే పై లెక్కలో ఒకటి రెండు వారాలు కుదించడానికి ప్రయత్నించే కోచ్‌లున్నారు, ప్రమాదం తెలిసే ఆ పని చేస్తారు. గతంలో బాగా ఉరికిన అలవాటున్నవాడికి అది కుదరవచ్చు కూడా. పగులు అయితే ఆరు వారాలు మానడానికే పోతాయి. దాన్ని తగ్గించే పద్ధతి ఏదీ లేదు.

ఆ మధ్య కాలంలో దమ్మును కాపాడుకోవడం మాత్రం సాధ్యమే. సైకిల్ తొక్కడం ఒక దారి, నొప్పి లేకపోతేనే. ఇంకో దారి మన ఊళ్లలోనే ఉంది. ఈత వచ్చినవాళ్లు పాదం నేలకు తగలని లోతు నీళ్లలో, నడుముకు తేలే బెల్టు కట్టుకుని, నిటారుగా ఉండి పరుగు కదలికలు చేయడాన్ని విదేశీ రన్నర్లు గాయాల సమయంలో వాడతారు. నాలుగు నుంచి ఆరు వారాల వరకు దమ్ము పెద్దగా తగ్గకుండా అది కాపాడుతుందని చిన్న పరిశోధనలు చూపించాయి. పొలాల దగ్గర ఈత బావుల్లో నడుముకు ట్యూబు కట్టుకుని, గట్టు మీద తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకుని అదే పని చేసేవాళ్లను చూశాను. కాలు నేలకు తగలదు, ఎముక మీద దెబ్బ పడదు, ఊపిరి మాత్రం నాలుగు రౌండ్లు కొట్టినట్టే ఎగిసిపడుతుంది.